ఓడబొమ్మకు వచ్చిన రోగము

(మన సంఘ వార్షికోత్సవమున చేసిన ప్రసంగ పాఠము)

 

ఏదేని యొక విషయమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరినపుడు, సాహిత్యమున నాకు ప్రవేశము తక్కువయని విన్నవించుకొంటిని. “అయినచో మీ యింటనున్న ఓడబొమ్మను గూర్చియే చెప్పుడు” అని వారు సెలవిచ్చిరి. కావున ఆస్టినాబాదులోని మా యింటి అద్దాల బీరువాలో నున్న జానెడు లోహపుటోడయే నేటి నా ప్రసంగమునకు విషయము.

ఆ బొమ్మను మా నాయనగారు విశాఖపట్టణమున ఒక పాత సామానుల దుకాణములో కొనిరి. నాకు ఈ దీవులలో ఉద్యోగమైనపుడు, “ఓడెక్కి పోవుచున్నావు, ఓడను వెంట ఉంచుకో” అని నా పెట్టెలో పెట్టిరి. దాని అడుగున రెండు చిన్న ఉరుళ్లు కలవు. నేలపై నెట్టినచో తిన్నగా సాగిపోవును. చేసినవారి పేరు ఎక్కడను కానరాదు.

ఇట్టి బొమ్మలకు గొప్ప చరిత్ర కలదు. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమున మెకానో సంస్థవారు 1934లో ‘డింకీ టాయ్స్’ అను పేర ప్రసిద్ధములైన ప్రయాణికుల ఓడలకు పోతబొమ్మలు చేసిరి. వానిలో బొంబాయి మీదుగా ఆస్ట్రేలియాకు పోవు ‘స్ట్రాత్‌ఎయిర్డ్’ ఒకటి. అసలు ఓడకు పొగగొట్టములు మూడు. పని చేయునది నడిమిదొక్కటే. తక్కిన రెండును అలంకారమునకే. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఆ రెంటిని తీసివేసిరి. 1961లో ఓడనే విడగొట్టిరి. కాని బొమ్మమీద మాత్రము మూడు గొట్టములును చెక్కుచెదరక నిలిచినవి! సముద్రమున లేని యోడ పిల్లవాని చేతిలో బ్రతికియుండుట వింత గాదా?

1950ల చివర ‘ట్రై-యాంగ్ మినిక్’ ఓడలు వచ్చినవి. వాని కొలత పన్నెండు వందలకు ఒకటి. అనగా నూరడుగులకు ఒక అంగుళము. 1,019 అడుగుల ‘క్వీన్ మేరీ’ యా కొలతకు పదియంగుళములకు కొంచెము మించును.

ఇక మా యింటి కథకు వచ్చెదను. కొన్నేండ్ల క్రిందట వానకాలమున ఒకనాడు బీరువా తెరచి చూడగా, ఓడ ముందుభాగమున వెంట్రుకవంటి బీట కనబడెను. మా మనుమనికి అప్పుడు ఏడేండ్లు. వాడు దానిని క్రింద పడవేసినాడని నేను నిశ్చయించుకొంటిని. “నేను ముట్టుకోలేదు తాతయ్యా” అని వాడు ఏడ్చుచు చెప్పినను వినక, అబద్ధమాడితివని గట్టిగా మందలించితిని. బీరువాకు తాళము వేసి, తాళపుచెవి నాయొద్దనే ఉంచుకొంటిని. నాటినుండి వాడు ఆ గదిలో అడుగుపెట్టుట మానెను. నాతో మాటలును తగ్గించెను.

ఆరు మాసములు గడచినవి. తాళము తీసి చూచితిని. బీట ఒకటి కాదు, నాలుగు! ఓడ పొట్ట ఉబ్బియున్నది. తాళపుచెవి నాయొద్దనే ఉన్నది గదా. ఇక దోషి యెవడు?

తెలిసినవారి నడిగి, పుస్తకములు తిరుగవేసి నేను గ్రహించినది ఇది. ఈ బొమ్మలు తుత్తునాగమును, అనగా జింకును, నూటికి నాలుగు పాళ్లు అల్యూమినియముతో కలిపి, కరగించి, ఒత్తిడితో ఉక్కు అచ్చులలోనికి పోసి చేసినవి. ఆ మిశ్రమమున సీసము లక్షపాళ్లలో అయిదారు పాళ్లకు మించరాదు. రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వము కల్తీ లోహము కలిసి పోతపోసిన బొమ్మలు పెక్కు గలవు. అట్టివానిలో లోహపు కణముల సందుల వెంబడి లోలోపల తుప్పు ప్రాకును. బొమ్మ ఉబ్బును, బీటలు వారును, తుదకు పొడియై రాలును. వేడియు తేమయు దానిని త్వరపెట్టును. ఏటా ఇంచుమించు 3,000 మిల్లీమీటర్ల వాన కురియు మన దీవికంటె ఆ రోగమునకు అనువైన చోటు వేరొకటి కలదా? దానికి మందు లేదు. పొడిగా, చల్లగా ఉంచినచో కొంత నెమ్మదించును, అంతే. మరియొక మాట: పాత బొమ్మల రంగులలో సీసము ఉండవచ్చును; పసివారిని నోట పెట్టుకొననీయరాదు.

పుట్టుకతోనే ఓడలో నున్న దోషమును నేను పిల్లవానిపై మోపితిని. ఆ సాయంకాలము వానిని పిలిచి, “నాయనా, తప్పు నాది. నీవు నిజమే చెప్పినావు” అంటిని. వాడు కొంతసేపు నన్నును, బొమ్మను మార్చి మార్చి చూచి, “అయితే ఓడకు జ్వరమా తాతయ్యా?” అని అడిగెను. ఆఫీసులో ఎన్నియో సంజాయిషీలు వ్రాసితిని, వ్రాయించితిని. ఆ ఒక్కనాడు చెప్పుకొన్న సంజాయిషీవలెనే మనసు తేలికపడినది మరి యేదియు లేదు.

పెద్దలారా, బీట కనబడగానే చేతికందిన చిన్నవానిని దోషిగా నిలబెట్టుట ఇండ్లలోను కలదు, కచేరీలలోను కలదు. విచారించి మాటలాడుదము.

ఇప్పుడు బీరువాకు తాళము లేదు. ఎట్లును రాలిపోవు ఓడను బంధించి ఫలమేమి? మెత్తని గుడ్డపై నుంచి, వాడును నేనును అప్పుడప్పుడు చూచుచుందుము. దానికి బదులుగా వేరొక ఓడకు పూనుకొంటిమి. మన విశాఖపట్టణమున హిందూస్థాన్ షిప్‌యార్డులో కట్టబడి, 1999లో సిద్ధమైన ‘స్వరాజ్ ద్వీప్’ పొడవు సుమారు 157 మీటర్లు. పన్నెండు వందలకు ఒకటి చొప్పున అది పదమూడు సెంటీమీటర్లగును. వడ్రంగి విడిచిన చెక్కముక్కతో మావాడు దానిని మలచుచున్నాడు. మన తల్లిగడ్డకును ఈ దీవులకును నడుమ సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రము కలదు. దానిని దాటించిన ఓడల రూపమును మన పిల్లలు తమ చేతులతో చేయవలదా? వచ్చు వార్షికోత్సవమునకు ఈ బల్లపై అట్టి ఓడలు పది నిలువవలెనని నా కోరిక.