బొమ్మ చెప్పు కథ



పిల్లల పుస్తకమున బొమ్మ యెందుకని అడిగినచో పెద్దలలో పలువురు అందము కొఱకని బదులు చెప్పుదురు. కథ అన్నము వంటిది, బొమ్మ దానిపై వడ్డించిన నేయి వంటిది అని వారి తలంపు. ఈ తలంపు సరికాదని తన కుంచెతో చూపినవాడు ఒక బ్యాంకు గుమాస్తా. ఆయన పేరు రాండాల్ఫ్ కాల్డికాట్.

కాల్డికాట్ 1846లో ఇంగ్లండు నందలి చెస్టరు పట్టణమున జన్మించెను. పదునైదవ యేట బ్యాంకు కొలువున ప్రవేశించి, మొదట విట్‌చర్చిలోను, పిదప మాంచెస్టరులోను సుమారు పదేండ్లు లెక్కల పుస్తకములతో కాలము గడపెను. తీరిక దొరికినపుడెల్ల బొమ్మలు గీచెడివాడు. 1872లో ఆ కొలువు విడిచి లండను చేరెను. 1878లో ముద్రాపకుడైన ఎడ్మండ్ ఎవాన్సు ప్రోత్సాహమున పిల్లలకై రంగుల బొమ్మల పుస్తకములు రెండు వెలువరించెను. అది మొదలు 1885 వఱకు ఏటేట రెండేసి చొప్పున 16 పుస్తకములు వెలువడెను. ఆరోగ్యము చాలక, 1886లో అమెరికాలో, నలువది యేండ్లైన నిండకుండగనే ఆయన కన్నుమూసెను.

ఆయన చేసిన క్రొత్తదనమేమి? పళ్లెము చెంచాతో కలిసి పారిపోయినదని చెప్పు పిల్లల పాట ఒకటి ఇంగ్లీషువారిలో కలదు. పాట అక్కడితో ముగియును. కాల్డికాట్ పుస్తకమున మాత్రము పుట త్రిప్పగా మఱియొక బొమ్మ కానవచ్చును. పళ్లెము ముక్కలై నేలపై పడియున్నది; చెంచాను దాని తల్లిదండ్రులైన ఫోర్కును కత్తియు వెంటబెట్టుకొని పోవుచున్నారు. అక్కడ ఒక్క మాటయు లేదు. నవ్వించిన పాట కడపట జాలి పుట్టించును. మాట చెప్పనిది బొమ్మ చెప్పెను. చిత్రకారుడు కవితో సమానముగ కథకుడయ్యెను.

ఆయన పేరిట అమెరికా గ్రంథాలయ సంఘమువారు 1938 నుండి ఏటేట ఒక పతకము నిచ్చుచున్నారు. బాలసాహిత్య రచయితలకు న్యూబెరీ పతకము 1922 నుండియే యుండెను. చిత్రకారునికిని వేఱుగ గౌరవము జరుగవలెనని ఫ్రెడరిక్ మెల్చర్ ప్రతిపాదింపగా ఇది యేర్పడినది. అదుపు తప్పి పరుగిడు గుఱ్ఱముపై జాన్ గిల్పిన్ వ్రేలాడుచున్న బొమ్మ, కాల్డికాట్ గీచినదే, ఆ పతకముపై ముద్రింపబడినది.

బహుమతి పొందిన పుస్తకములను చూచినచో చిత్రకారుల శ్రమ తెలియును. 1942లో పతకము పొందిన రాబర్ట్ మెక్లాస్కీ బాతుల కథకు బొమ్మలు గీచుటకై నిజమైన బాతులనే తన యింట పెంచి, వాని నడకను గమనించెను. 1964లో పతకము పొందిన మారిస్ సెండాక్ పుస్తకమున, తల్లి కోపించి భోజనము లేకుండ గదికి పంపిన బాలుడు ఊహలో వింతజంతువుల దేశమునకు పోవును. ఊహ పెరిగినకొలది బొమ్మ పెరుగుచు పుటను ఆక్రమించును. జంతువులతో చిందులు వేయునపుడు మాటలు పూర్తిగా మాయమగును. బాలుడు ఇల్లు చేరి, వేడి తగ్గని భోజనమును చూచుకొన్నపిమ్మట, కడపటి పుటలో మాటయే కలదు, బొమ్మ లేదు.

1962 నాటి పతకమునకు భారతదేశముతో సంబంధము కలదు. మునీశ్వరుడు ఎలుకను పిల్లిగను, కుక్కగను, పులిగను మార్చి, అది గర్వించినంతనే మరల ఎలుకను చేసిన హితోపదేశ కథను మార్షియా బ్రౌన్ అను చిత్రకారిణి చెక్కపై చెక్కి, కొలది రంగులతో అచ్చొత్తించెను. తెలుగు తాతలు నోట చెప్పిన కథయే సముద్రము దాటి ఆ గౌరవము పొందినది!

తెలుగువారికి బొమ్మలపై మక్కువ తక్కువ కాదు. 1947లో వెలసిన చందమామలో చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్యగార్ల బొమ్మలకై పిల్లలు ఎదురుచూచిరి. అయితే అక్కడ కథను మోసినది మాటయే. బొమ్మ దానికి శోభ కూర్చినది. బొమ్మయే సగము కథను మోయు పుస్తకములు వేఱు జాతి.

ఉద్యోగరీత్యా తెలుగునాటికి దూరముగ నున్న కుటుంబములకు ఈ భేదము ముఖ్యమైనది. ఆ యిండ్లలో పిల్లలు తెలుగు మాటలాడుదురు. అక్షరములు మాత్రము చాలమందికి రావు. అక్షరముల పుస్తకమిచ్చిన వారు ప్రక్కన పెట్టుదురు. బొమ్మల పుస్తకమును తండ్రి తెలుగున చదువుచుండగా బిడ్డ బొమ్మను చదువును. తండ్రి చూడనిది తాను చూచి ప్రశ్న వేయును. ఆ ప్రశ్న తెలుగున పుట్టును. బొమ్మలు చూచుట చదువు కాదని పుస్తకము లాగుకొన్నచో ఆ ప్రశ్నయు, దానితో కొంత భాషయు పోవును.

కావున పుస్తకము కొనునపుడు ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. మాటలను చేతితో మూసి, బొమ్మలను చూచి కథ చెప్పుమని బిడ్డను అడుగవలెను. తరువాత బొమ్మలను మూసి మాటలు మాత్రమే చదువవలెను. ఏదియో పోయినదని బిడ్డ గోల పెట్టినచో ఆ పుస్తకము కొనదగినది. అట్టి పుస్తకములకు సంఘ గ్రంథాలయమున ఒక అర కేటాయించి, రచయిత పేరు ప్రక్కనే చిత్రకారుని పేరును పట్టికలో వ్రాయుట, ఏ పతకమునకును తీసిపోని గౌరవము కాగలదు.