రోడ్డు మరణాలు – విధివ్రాత – మన బాధ్యత

 



మన ఉప్పల్, నాచారం బస్తీలలో ఏ ఇంటి బిడ్డ అయినా రోడ్డు ప్రమాదంలో మరణించినప్పుడు, పరామర్శకు వెళ్ళినవారి నోట తరచుగా వినిపించే మాట ఒకటుంది: "అతని ఆయుష్షు అంతవరకే వ్రాసి ఉంది." విశ్వాసపరంగా ఈ మాట సత్యమే. జీవన్మరణాలు అల్లాహ్ చేతిలోనే ఉన్నాయి. బిడ్డను కోల్పోయిన తల్లిదండ్రులకు ఈ మాటలో ఊరట కూడా ఉంది. అయితే ఇదే మాట బ్రతికి ఉన్నవారికి బాధ్యత నుండి తప్పించుకునే సాకుగా మారితే, అది విశ్వాసం కాదు, నిర్లక్ష్యం. నేటి ప్రసంగంలో ఈ వ్యత్యాసాన్ని గ్రహించే ప్రయత్నం చేద్దాం.

కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల మంత్రిత్వ శాఖ దేశంలోని ప్రమాదాల లెక్కలను ఏటా ప్రకటిస్తుంది. ఆ లెక్కల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా 4,61,312 ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది మరణించారు. అంటే గంటకు 19 మంది. మనం జుమా నమాజుకు ఇల్లు వదిలి, తిరిగి ఇంటికి చేరేలోగా దేశంలో దాదాపు 20 ఇళ్ళలో ఏడుపులు మొదలవుతాయన్నమాట.

ఈ మరణాలు ఎక్కడ సంభవిస్తున్నాయో గమనించండి. దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారులు సుమారు 2 శాతం మాత్రమే. కాని ఆ ఏడాది 61,038 మంది వాటిమీదనే మరణించారు. రాష్ట్ర రహదారులు సుమారు 3 శాతం. వాటిమీద 41,012 మంది మరణించారు. అంటే వంద మంది మృతులలో అరవై మంది, ప్రతి వంద కిలోమీటర్లలో కేవలం ఐదు కిలోమీటర్ల రోడ్డుపైనే ప్రాణాలు విడిచారు. మృతులలో మూడింట రెండు వంతుల మంది గ్రామీణ ప్రాంతాలలో మరణించారు.

ప్రమాదాలకు చీకటి, వాన, మలుపులే కారణమని మనం అనుకుంటాం. లెక్కలు వేరే విషయం చెబుతున్నాయి. మూడింట రెండు వంతుల ప్రమాదాలు మలుపు లేని తిన్నని రోడ్డు మీద, అత్యధిక ప్రమాదాలు వాతావరణం నిర్మలంగా ఉన్న వేళ జరిగాయి. గుంతల వల్ల మరణించినవారు 1,856 మంది. ఆ ప్రాణాలూ అమూల్యమైనవే. కాని మృతులలో వందకు డెబ్బై మందికి పైగా అతివేగం వల్ల మరణించారు. రోజులో అన్నిటికంటే ఎక్కువ ప్రమాదాలు సాయంత్రం 6 నుండి రాత్రి 9 గంటల మధ్య జరుగుతున్నాయి. మగ్రిబ్, ఇషా నమాజులకు మన పెద్దలు, పిల్లలు రోడ్డు దాటే వేళ అదే.

సోదరులారా! ఆ 2 శాతంలోని ఒక రోడ్డు మన వాకిటి ముందే ఉంది. 163వ నంబరు జాతీయ రహదారి ఉప్పల్ చౌరస్తా మీదుగా బోడుప్పల్, మేడిపల్లి, నారపల్లి, ఘట్‌కేసర్ దాటి వరంగల్‌కు సాగుతుంది. ఉప్పల్ నుండి నారపల్లి వరకు ఆరు కిలోమీటర్లకు పైగా ఎత్తైన వంతెన పనులు 2018లో మొదలై ఏళ్ళ తరబడి సాగాయి. ఆ స్తంభాల ప్రక్కన మిగిలిన ఇరుకు దారిలోనే బస్సులు, లారీలు, ఆటోలు, బడి పిల్లలు అందరూ వెళ్ళవలసి వచ్చింది. ఇటు నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడలలో లారీల నడుమ షిఫ్టు దిగిన కార్మికులు కాలినడకన, ద్విచక్ర వాహనాలపై ఇళ్ళకు మరలుతారు. దేశంలోని మృతులలో నూటికి 44 మంది ద్విచక్ర వాహనాలవారే. దాదాపు 20 మంది పాదచారులు. అంటే మరణం అధికంగా తట్టేది పేదవాని తలుపునే.

ఇప్పుడు ఆలోచించండి. మరణాలు ఫలానా రకం రోడ్డుపై, ఫలానా వేళలో, ఫలానా కారణం వల్ల అధికంగా జరుగుతున్నాయని తెలిసిన తర్వాత కూడా "వ్రాత" అని చేతులు ముడుచుకోవడం ధర్మమా?

దీనికి హజ్రత్ ఉమర్ (రజి) జీవితంలో సమాధానం ఉంది. ఆయన సిరియాకు ప్రయాణమై 'సర్గ్' అనే చోటికి చేరినప్పుడు ముందు ప్రాంతంలో ప్లేగు వ్యాపించిందని తెలిసింది. అనుచరులను సంప్రదించి ఆయన వెనుదిరగాలని నిశ్చయించారు. అల్లాహ్ విధివ్రాత నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించారు. ఒక విధివ్రాత నుండి మరో విధివ్రాత వైపుకే వెళ్తున్నామని ఉమర్ (రజి) బదులిచ్చారు. ఒక లోయలో ఒక ప్రక్క పచ్చిక, మరో ప్రక్క బీడు ఉంటే, ఒంటెలను ఎటు మేపినా అది విధివ్రాతే కదా అని వివరించారు. పచ్చిక వైపు తోలడం కాపరి బాధ్యత. ఒంటెను కట్టివేసి, ఆపై అల్లాహ్‌ను నమ్ముకోవాలని దైవప్రవక్త (స) కూడా ఒక వ్యక్తికి బోధించారు. హెల్మెట్ పెట్టుకోవడం, వేగం తగ్గించడం నేటి కాలంలో ఆ ఒంటెను కట్టివేయడమే.

పొరపాటున జరిగిన హత్యను సైతం ధర్మం తేలికగా వదిలిపెట్టలేదు. ఖుర్ఆన్‌లోని అన్నిసా సూరా 92వ వాక్యం దానికి రక్తపరిహారాన్ని, ప్రాయశ్చిత్తాన్ని విధించింది. ఉద్దేశం లేకపోయినా పోయిన ప్రాణానికి లెక్క ఉంది. మరి తెలిసి తెలిసి అతివేగంతో, తప్పుడు దిశలో, ఫోను చూస్తూ బండి నడిపేవాడు ప్రళయదినాన "పొరపాటు" అని ఎలా తప్పించుకోగలడు?

దారికి ఒక హక్కు ఉందని, దారిన పోయేవారికి హాని కలిగించకపోవడం అందులో భాగమని దైవప్రవక్త (స) బోధించారు. దారి నుండి హానికర వస్తువును తొలగించడాన్ని విశ్వాసపు శాఖలలో ఒకటిగా పేర్కొన్నారు. ఆ హక్కును మనం ఈ విధంగా నెరవేర్చాలి.

మొదటిది, హెల్మెట్ లేకుండా బండి ఎక్కరాదు. 2022లో హెల్మెట్ లేక 50,029 మంది మరణించారు. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. కాబట్టి భార్యకు, బిడ్డకు కూడా హెల్మెట్ ఉండాలి.

రెండవది, పద్దెనిమిదేళ్ళు నిండని కుమారునికి తాళం చెవి ఇవ్వరాదు. అతడు ప్రమాదం చేస్తే 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం తండ్రికి మూడేళ్ళ వరకు జైలు శిక్ష, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి. పిల్లవాని పట్ల ప్రేమ అతన్ని, ఎదుటివారి బిడ్డను ప్రమాదంలోకి నెట్టరాదు.

మూడవది, జుమాకు వచ్చేవారు కాలిబాటపై బండి నిలపరాదు. నడిచే వృద్ధుని రోడ్డు మధ్యకు నెట్టి, లోపలికి వచ్చి సజ్దా చేయడం శోభించదు. కాస్త ముందుగా బయలుదేరి, దూరంగా బండి నిలిపి నడిచి రండి. మస్జిదు వైపు వేసే ప్రతి అడుగుకూ పుణ్యం ఉంది. ఉప్పల్ చౌరస్తాలో 2023లో పాదచారుల కోసం స్కైవాక్ ప్రారంభమైంది. మెట్లెక్కే శ్రమకు జంకి క్రింద వాహనాల మధ్య పరుగెత్తకండి.

నాల్గవది, క్షతగాత్రుని చూసి ముఖం చాటేయరాదు. 108కు ఫోను చేయండి. ప్రమాద బాధితునికి సదుద్దేశంతో సహాయం చేసినవారికి చట్టంలోని 134ఎ సెక్షన్ రక్షణ కల్పిస్తోంది. తమ పేరు చెప్పాలని వారిని బలవంతపెట్టరాదు. ఒక ప్రాణాన్ని కాపాడినవాడు సమస్త మానవాళిని కాపాడినవానితో సమానమన్న బోధ అల్‌మాయిదా సూరాలో ఉంది. ఆ ప్రాణం ఏ మతస్తునిదని అక్కడ ప్రశ్న లేదు.

ఐదవది, అధికారులను అడగడం కూడా మన విధి. జాతీయ రహదారిపై 500 మీటర్ల పరిధిలో మూడేళ్ళలో పది మంది మరణించినా, లేక మరణాలో తీవ్ర గాయాలో కలిగించిన ఐదు ప్రమాదాలు జరిగినా దానిని బ్లాక్ స్పాట్‌గా పరిగణిస్తారు. మన వీధి చివర దీపం వెలగకపోతే, దాటే చోటు లేకపోతే, పది మరణాల లెక్క నిండేదాకా వేచి ఉండరాదు. ఇరుగుపొరుగు హిందూ, క్రైస్తవ సోదరులతో కలిసి వినతిపత్రం ఇద్దాం. రోడ్డును నిర్మించే, కాపాడే అధికారం కూడా ఒక అమానతే. దానికీ అల్లాహ్ ఎదుట జవాబు చెప్పుకోవాలి.

ఓ అల్లాహ్! రోడ్లపై ప్రాణాలు కోల్పోయినవారి కుటుంబాలకు సహనాన్ని ప్రసాదించు. క్షతగాత్రులకు స్వస్థత చేకూర్చు. మా చేతులతో ఏ ప్రాణికీ హాని జరగకుండా కాపాడు. ఇంటి నుండి వెళ్ళిన ప్రతి ఒక్కరినీ క్షేమంగా ఇంటికి చేర్చు. ఆమీన్.