రెండక్షరముల లోపము

(మహేశ్వరమున జరిగిన సభలో జేసిన యుపన్యాస పాఠము)



నేడు నేను మీ యెదుట నొక యరుదైన జన్మవ్యాధిని గూర్చియు, దానికి గనుగొనబడిన నూతన చికిత్సను గూర్చియు మాటలాడ నెంచితిని. "జ్వరములకు, రక్తహీనతకు సరియైన వైద్యము దొరకుటయే గగనమైన చోట, లక్షలలో నొక బిడ్డకు వచ్చు రోగముతో మాకేమి పని?" యని మీలో గొందరడుగవచ్చును. ఈ ప్రశ్న న్యాయమైనది. దీనికి సమాధానము చెప్పుటయే నా ప్రసంగమున కుద్దేశము.

ముందుగా వ్యాధి స్వరూపము. మన రక్తములోని తెల్లకణములు గ్రామమునకు గావలివారివంటివి. వానిలో న్యూట్రోఫిల్ అను కణములు సూక్ష్మజీవిని మ్రింగి, లోపల దీక్ష్ణమైన రసాయనములను బుట్టించి దానిని సంహరించును. ఆ రసాయనములను బుట్టించు యంత్రములో నొక భాగము లోపించెనా, కణము క్రిమిని మ్రింగును గాని చంపజాలదు. కావలివాడు దొంగను బట్టి తన యింటనే దాచినట్లగును. కాలేయమునను, ఊపిరితిత్తులలోను, ఎముకలలోను చీముగడ్డలు లేచును. బూజుజాతి క్రిములు సోకును. జ్వరము తగ్గినట్లే తగ్గి మరల వచ్చును. దీనికి క్రానిక్ గ్రాన్యులోమేటస్ వ్యాధి యని పేరు. ఇంతకంటె గ్రూరమైనది స్కిడ్ అను మరియొక వ్యాధి. అందు రోగనిరోధమునకు మూలమైన లింఫోసైట్ కణములే సరిగా నేర్పడవు. చికిత్స లేనిచో బిడ్డ రెండేండ్లు నిండకముందే మరణించుట సామాన్యము.

ఇంతటి యుపద్రవమునకు గారణ మెంత చిన్నదో వినుడు. మన దేహనిర్మాణ విధానము సుమారు 300 కోట్ల యక్షరముల గ్రంథముగా గణమునందు లిఖింపబడి యున్నది. క్రానిక్ గ్రాన్యులోమేటస్ వ్యాధిలో నొక రకమువారికి, ఎన్.సి.ఎఫ్.1 అను జన్యువునందు రెండక్షరములు జారిపోయి యుండును. ఆ లిపి మూడేసి యక్షరముల చొప్పున జదువబడునది. రెండు జారినంతనే తరువాతి మాటలన్నియు దారితప్పి, ఆ వాక్యమున కర్థమే లేకపోవును. మూడువందల కోట్లలో రెండక్షరముల లోపము. దాని ఫలితము ఒక బిడ్డ ప్రాణము.

ఈ గ్రంథము మనకు దల్లివద్దనుండి యొక ప్రతి, తండ్రివద్దనుండి యొక ప్రతి లభించును. పైని జెప్పిన రకమున రెండు ప్రతులును చెడినగాని వ్యాధి రాదు. ఒక్క ప్రతియే చెడినవా రారోగ్యముగనే యుందురు; తమ యందట్టి లోపమున్నట్లు వా రెరుగరు. అట్టి యిరువురు దంపతులైనచో, ప్రతి కాన్పునకును నాలుగింట నొక పాలు బిడ్డకు వ్యాధి వచ్చును. మన తెలుగునాట మేనరికములు, మేనమామతోడి వివాహములు తరతరముల యాచారము. ఒకే పూర్వుని చెడిన ప్రతి యిరువైపులనుండియు వచ్చి బిడ్డయందు గలియుట కిట్టి సంబంధములలో నవకాశ మధికము. మరికొన్ని రకములు తల్లి ద్వారమున ముఖ్యముగా మగబిడ్డలకు సంక్రమించును. ఈ సంగతి విని కోడలిని నిందించు నిండ్లు గలవు. అక్షరము జారుట యెవరి పాపమును గాదు. ఎవరు గోరి చేసినదియు గాదు.

ఈ విషయమున హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞుడు కుమారస్వామి తంగరాజ్, హార్వర్డు శాస్త్రజ్ఞుడు డేవిడ్ రైక్ ప్రభృతులు 2017లో బ్రకటించిన పరిశోధన మనము తెలిసికొనదగినది. వారు దక్షిణాసియాలోని 260కి పైగా సమూహములను బరీక్షించి, వానిలో 81 సమూహములు కొలదిమంది పూర్వులనుండి విస్తరించి, తమలో దామే వివాహము లాడుచు వచ్చినవని కనుగొనిరి. అట్టి సమూహములలో నొక వ్యాధి మాటిమాటికి గనబడుట సహజము. మన వైశ్య సమాజమునే యుదాహరించిరి. శస్త్రచికిత్సలో గండరములను సడలించుట కిచ్చు నొక మందును గరగించు శక్తి యీ సమాజమున గొందరికి లోపించి యుండును. ఆ సంగతి యెరిగిన మత్తువైద్యుడు వేరొక మందు వాడును. రోగి సుఖముగా నింటికి బోవును. ఇది యే కులమునకును గళంకము గాదు. లోపము తెలిసియుండుట యెంతటి రక్షణమో దీనివలన స్పష్టమగుచున్నది.

ఇక చికిత్స. బహుకాలముగా నున్న యుపాయము, ఆరోగ్యవంతుని యెముకల మూలుగలోని మూలకణములను దెచ్చి రోగి కెక్కించుట. తోబుట్టువు మూలుగ పూర్తిగా సరిపడుటకు నాలుగింట నొక పాలే యవకాశము. సరిపడనిచో, వచ్చిన కణములు పరాయి సేనవలె రోగి దేహముపైననే తిరుగబడును. ఆ తిరుగుబాటు రాకుండ వైద్యులు నేటికిని వాడు మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. అది భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడపిన పరిశోధకబృందము లోకమునకిచ్చిన మందులలోనిది.

పరాయి మూలుగ కొరకు వెదకుట యేల, రోగి మూలకణములనే దిద్దరాదా యను నాలోచన తరువాత బుట్టెను. 1990లో అమెరికాలో స్కిడ్ వ్యాధిగల నాలుగేండ్ల బాలికకు దొలిసారి జన్యుచికిత్స చేసిరి. 1999 మొదలు పారిస్ నగరమున, వైరస్ ద్వారమున మంచి జన్యువును మూలకణములలోనికి బంపి పసిబిడ్డలను బ్రదికించిరి. కాని ఆ జన్యువు చేరరాని చోట జేరుటచే గొందరు బిడ్డలకు రక్తపు క్యాన్సరు వచ్చెను. శాస్త్రజ్ఞులు నిరాశ జెందక వాహకమును మార్చిరి. స్కిడ్ వ్యాధిలో అడినోసిన్ డీఅమినేజ్ లోపించిన 62 మంది బిడ్డలకు లాస్ ఏంజిలిసు, లండను, బెథెస్డా నగరములలో నట్లు చికిత్స చేయగా, 59 మందికి రోగనిరోధశక్తి నిలిచినదని 2025లో బ్రకటింపబడెను.

ఇంతవరకు జరిగినది మంచి ప్రతిని లోపల జేర్చుట. చెడిన యక్షరము నున్నచోటనే దిద్దుట యంతకంటె సూక్ష్మమైన పని. 2012లో జెన్నిఫర్ డౌడ్నా, ఇమాన్యుయేల్ షార్పెంటియే అను విదుషీమణులు క్రిస్పర్ అను జన్యుకర్తరిని లోకమునకు జూపిరి. 2020లో నోబెల్ బహుమానము నందిరి. 2019లో డేవిడ్ లియూ బృందము, జన్యువు యొక్క రెండు పోగులను దెగగోయకయే కావలసిన యక్షరములను వ్రాయు ప్రైమ్ ఎడిటింగ్ అను విధానమును బ్రకటించెను. రోగి మూలకణములను వెలికిదీసి, ప్రయోగశాలలో దిద్ది, మందులతో బాత మూలుగను దొలగించి, దిద్దిన కణములను మరల నెక్కించుట యిందలి క్రమము. ఇది రోగి రక్తమును మాత్రమే మార్చును. వాని సంతానమునకు సంక్రమించు మార్పు గాదు. పిండములను మార్చుట వేరు, అది పలుచోట్ల నిరసింపబడినది. రెంటిని గలిపి భయపడ బనిలేదు.

2025 మే నెలలో బ్రైమ్ మెడిసిన్ అను అమెరికా సంస్థ, నేను జెప్పిన యా రెండక్షరముల లోపముగల తొలి రోగికి ఈ చికిత్స చేసిన ఫలితమును వెల్లడించెను. నూటికి 20 కణములు బాగుపడినను మేలని వైద్యు లెంచుచుండగా, 30వ దినమునకు నూటికి 66 న్యూట్రోఫిల్ కణములు క్రిమిని జంపు శక్తిని బొందెను. మానవునియందు ఈ విధానము ఫలించుట యదియే ప్రథమము. కాని ఆ ప్రకటనలోనే మరియొక వాక్యము గలదు: ఈ చికిత్సను దాము స్వయముగా ముందునకు గొనిపోబోమనియు, వేరు మార్గముల నన్వేషింతుమనియు నా సంస్థ తెలిపెను. మందు పనిచేసినది, దానిని గొనువారు మాత్రము కొలదిమంది. వ్యాపారమునకు మూలధనము వేరొక చోట గావలసివచ్చెను.

వర్తకుని దూషించి ప్రయోజనము లేదు. పదిమంది నడవని దారిన నతడు దుకాణము బెట్టడు. అట్లయిన నా పదిమందిలోనివాని గతి యేమి? గ్రామమున బావిని ద్రవ్వించుటకు, చెరువునకు గట్టు వేయించుటకు మనవారెన్నడైన లాభము లెక్కించిరా? ఈ మహేశ్వరమున శివగంగ కోనేటి మెట్లు దిగువా డెవ్వడును సుంకము చెల్లింపనక్కరలేదు. అరుదైన వ్యాధుల చికిత్సయు నట్టి ధర్మకార్యములలోనిదే. ఇటలీలో దెలెథాన్ అను దాతృసంస్థ గలదు. ప్రజల చందాలే దాని మూలధనము. స్కిడ్ చికిత్సయైన స్ట్రిమ్‌వెలిస్‌ను వర్తకసంస్థ విడిచిపెట్టగా, 2023లో నా దాతృసంస్థ దానిని దనచేతికి దీసికొనెను. విస్కాట్ ఆల్డ్రిచ్ అను మరియొక రోగనిరోధ లోపమునకు దాను సిద్ధపరచిన జన్యుచికిత్సకు 2025 డిసెంబరులో అమెరికా యనుమతిని బడసెను. ప్రజల రూపాయ పరీక్షలు దాటి మందై వచ్చునని దీనివలన ఋజువైనది.

మన దేశమున నేమున్నది? 2021లో గేంద్రప్రభుత్వ మరుదైన వ్యాధుల విధానమును బ్రకటించి, స్కిడ్, క్రానిక్ గ్రాన్యులోమేటస్ వ్యాధులను మూలుగ మార్పిడిచే నయమగు తొలి వర్గమున జేర్చెను. రోగి కిచ్చు సాయమును 2022లో 50 లక్షల రూపాయల వరకు బెంచెను. ఆ విధానము క్రింద నిర్ణయింపబడిన కేంద్రములలో హైదరాబాదులోని నిమ్సు, సి.డి.ఎఫ్.డి. కలిసి యొకటి. చిత్తూరు జిల్లాకు దాపుననున్న వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలలో, హీమోఫిలియా గల అయిదుగురి మూలకణములలో జన్యువును జేర్చి రక్తస్రావమును నిలిపిన వృత్తాంతము 2024లో వెలువడెను. 2025 నవంబరులో ఢిల్లీలోని ఐ.జి.ఐ.బి. సంస్థ, సికిల్ సెల్ వ్యాధికి స్వదేశీయ క్రిస్పర్‌తో రూపొందించిన బిర్సా 101 అను చికిత్సను బ్రకటించి, దాని తయారికి సీరం సంస్థతో నొడంబడిక చేసికొనెను. ఆ వ్యాధికే 2023లో అమెరికా యనుమతించిన క్రిస్పర్ చికిత్స వెల 22 లక్షల డాలర్లు; నాటి మారకమున 18 కోట్ల రూపాయలకు బైమాట. ప్రభుత్వ సాయపు గరిష్ఠమునకు ముప్పదియారు రెట్లు. పరదేశపు మందును గొని మనబిడ్డలను గాపాడుకొనుట మాట యిక జెప్పనక్కరలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఒక బిడ్డ కొరకు గోట్లు వ్యయమేల? సికిల్ సెల్ వ్యాధితో మన యదిలాబాదు, అల్లూరి మన్యపు గిరిజనులు బాధపడుచున్నారు. తలసీమియా బిడ్డలు నెలనెలయు రక్త మెక్కించుకొనుచున్నారు. ఆ వ్యాధులకు మూలకణములను దిద్దు ప్రయోగశాలయు, శుద్ధమైన గదులును, శిక్షితులైన పనివారును స్కిడ్ బిడ్డకును సరిపోవుదురు. మారవలసినవి దిద్దవలసిన యక్షరములును, వానిని దిద్దు సాధనమును మాత్రమే. కర్మాగార మొక్కటి, ప్రజల యాజమాన్యమున నిలిచినచో, దాని నీడన నరుదైనవాడును బ్రదుకును.

కాని యెంతటి కర్మాగారమైనను, పేరు పెట్టబడని రోగమును దిద్దజాలదు. మన దేశమున శిశువుల కీ లోపములకై సార్వత్రిక పరీక్ష లేదు. బిడ్డ జ్వరమున బోయెననియే యింటివారు చెప్పుకొందురు. కావున మీకు మూడు మనవులు.

మొదటిది: ఇంతకుముందు మీ యింట శిశువు మాటిమాటికి సోకిన రోగములతో మరణించి యుండినచో, మరల బిడ్డ పుట్టినవెంటనే, బి.సి.జి. టీకా వేయుటకు ముందే, ఆ సంగతి వైద్యునకు జెప్పుడు. టీకాలు మన బిడ్డలకు బెట్టని కోటలు, ఎవ్వరును మానరాదు. కాని యీ రోగనిరోధ లోపములు గల శిశువున నా టీకాలోని జీవించియున్న క్రిమియే దేహమంతట వ్యాపింపగలదు. అట్టి యిండ్లలో ముందు పరీక్ష, తరువాత టీకా యనునది వైద్యుడు నిర్ణయించును.

రెండవది: 2024లో మహేశ్వరము పేరిట 50 సీట్లతో బ్రభుత్వ వైద్యకళాశాల కనుమతి లభించినది. అచ్చట జదువు యువకులారా, స్కిడ్ శిశువునకు సామాన్య రక్తపరీక్షలోనే లింఫోసైట్ల సంఖ్య మిక్కిలి తగ్గి కనబడుట గలదు. ఆ యంకెను జూచి పోనీకుడు. క్రానిక్ గ్రాన్యులోమేటస్ వ్యాధిని గుర్తించుటకు గొన్ని రక్తపుచుక్కలు, నైట్రోబ్లూ టెట్రజోలియం అను పసుపువన్నె రసాయనము, ఒక సూక్ష్మదర్శిని చాలును. మంచి కణము దానిని నీలముగా మార్చును. లోపమున్న కణము మార్చదు. తెలిసినవెంటనే నిత్యము వాడు చవుక మందులతో సోకుడుల ననేకము నివారింపవచ్చును.

మూడవది: మూలకణముల పేర మోకాలి నొప్పి మొదలు మతిమరుపు వరకు నన్నిటిని మాన్పుదుమని ధనము గుంజువారు బయలుదేరినారు. మూలుగ మార్పిడికి నంగీకరింపబడిన వ్యాధులు దప్ప, తక్కినవానికి బరిశోధనకు వెలుపల మూలకణములు వాడరాదని వైద్య పరిశోధన మండలి నియమము. పొలమమ్మి వారి చేతిలో బోయకుడు.

ఈ మూటిలో నేదియు మన శక్తికి మించినది గాదు. దిద్దు కలము లోకమున దయారైనది. ఆ కలమును బట్టు చేయి వర్తకునిదే కావలెనా, ప్రజలదియు గావచ్చునా యను ప్రశ్నకు దేశము ప్రత్యుత్తర మీయవలసియున్నది. మీ శాసనసభ్యు లీ యూరికి వచ్చినప్పుడు రోడ్లను గూర్చి, నీళ్లను గూర్చి యడుగునట్లే దీనిని గూర్చియు నడుగుడని కోరుచున్నాను.