ఎస్టోనియా నౌక ప్రయాణం

ప్రయాణికులతో పాటు కార్లను, లారీలను మోసే ఎస్టోనియా నౌకను 1980లో జర్మనీలోని పాపెన్‌బర్గ్‌లో నిర్మించారు. అప్పట్లో దాని పేరు వైకింగ్ సాలీ. ఫిన్లాండ్‌లోని టుర్కు నుంచి స్టాక్‌హోమ్‌కు పదేళ్లు తిరిగింది. తర్వాత సిల్యా స్టార్, వాసా కింగ్ అయి, 1993లో ఎస్టోనియా పేరుతో టాలిన్-స్టాక్‌హోమ్ మార్గానికి వచ్చింది.

వాహనాలు ఎక్కేందుకు దాని ముక్కు భాగం తలుపులా పైకి లేచేది. ఆ సౌకర్యమే కొంప ముంచింది. 1994 సెప్టెంబరు 28న అర్ధరాత్రి దాటాక, తుఫాను అలల ధాటికి ఆ తలుపు గొళ్లాలు విరిగాయని, అది ఊడిపోతూ లోపలి ర్యాంపునూ లాగేసిందని అధికారిక దర్యాప్తు తేల్చింది. వాహనాల అంతస్తులో నీటిని ఆపే అడ్డుగోడలు లేవు. చొరబడ్డ నీరు ఒక పక్కకు చేరి నౌకను ఒరగదీసి ముంచేసింది. నౌకలోని 989 మందిలో 137 మందే బతికారు. ఆ తర్వాత ఇలాంటి నౌకల భద్రతా నిబంధనలను మరింత బిగించారు.