కొలెస్టరాల్ మాత్ర ఎందుకు మానకూడదు?

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభ్యులు తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. "రిపోర్టు నార్మల్ వచ్చింది గదా, ఇంకా కొలెస్టరాల్ మాత్ర ఎందుకండీ?" దీనికి జవాబు మన కాలేయ కణాలలో ఉంది.

కొలెస్టరాల్ పూర్తిగా శత్రువేమీ కాదు. ప్రతి కణం పైపొరకు, కొన్ని హార్మోన్ల తయారీకి అది కావాలి. అందులో ఎక్కువ భాగం శరీరమే తయారు చేసుకుంటుంది. అందుకే నెయ్యి, గుడ్డు మానేసిన వారికి కూడా అది ఎక్కువ ఉండవచ్చు. ఈ తయారీ వేగాన్ని అదుపులో ఉంచే ముఖ్యమైన ఎంజైము పేరు హెచ్.ఎం.జి. కోఎ రిడక్టేజ్. కణంలో కొలెస్టరాల్ చాలినంత ఉంటే దీని పని తగ్గుతుంది, చాలకపోతే పెరుగుతుంది.

అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ వంటి స్టాటిన్ మాత్రలు ఈ ఎంజైమును అడ్డుకుంటాయి. లోపల తయారీ తగ్గేసరికి కాలేయ కణాలు తమ పైపొర మీద గ్రాహకాలను పెంచుకుని, రక్తంలోని చెడ్డ కొలెస్టరాల్‌ను, అంటే ఎల్.డి.ఎల్.ను, లోపలికి లాక్కుంటాయి. ఈ గ్రాహకాలను కనుగొన్న అమెరికా శాస్త్రజ్ఞులు బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి లభించింది. మొదటి స్టాటిన్‌ను 1973లో జపాను శాస్త్రజ్ఞుడు అకిరా ఎండో ఒక బూజు నుంచి వేరుచేశారు. ఆ బూజు దొరికింది క్యోటో నగరంలోని ధాన్యం దుకాణపు బియ్యంలో!

మరి దీనివల్ల ప్రాణం నిలుస్తుందా? గుండెపోటు గాని, గుండెనొప్పి గాని వచ్చిన 4,444 మంది మీద స్కాండినేవియా దేశాలలో జరిపిన పరిశీలన ఫలితాలు 1994లో వెలువడ్డాయి. సుమారు అయిదేళ్ళలో మందు లేని మాత్ర మింగిన సగం మందిలో 256 మంది మరణించగా, సిమ్వాస్టాటిన్ వాడిన సగం మందిలో 182 మంది మరణించారు.

మాత్ర ఎంజైమును అడ్డుకుంటుందే గాని నిర్మూలించదు. మానేస్తే కొద్ది వారాలలోనే కొలెస్టరాల్ మళ్ళీ పెరుగుతుంది. కనుక నార్మల్ రిపోర్టు అంటే మాత్ర పనిచేస్తున్నదని అర్థం, ఇక అక్కరలేదని కాదు.

అలాగని పక్కింటివారి మాత్ర చూసి మనమూ కొనుక్కోరాదు. కారణం తెలియని కండరాల నొప్పి, మూత్రం ముదురు రంగులో రావడం, కళ్ళు పచ్చబడటం కనిపిస్తే వెంటనే డాక్టరుగారికి చెప్పండి. వాడుతున్న మిగతా మందుల చీటీ కూడా చూపించండి. నడక, మితాహారం, పొగతాగడం మానడం మాత్రతోపాటు ఉండవలసినవే. మాత్ర మానాలన్నా, మార్చాలన్నా ఆ మాట డాక్టరుగారి నోట రావాలి.