కండకు నెత్తురు ఎటునుంచి?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్లాస్టిక్ సర్జన్ అనగానే ముక్కు చక్కదిద్దే డాక్టరనుకుంటారు. నాకు ఎక్కువ పని కాళ్ళతోనే. బైకు ప్రమాదంలో మోకాలి కింద చర్మం లేచిపోయి ఎముక బయటపడిన కాళ్ళు. ఆ ఎముక మీద తొడ చర్మం తెచ్చి అతికిస్తే నిలవదు. అతికించిన చర్మానికి అడుగునుంచి నెత్తురు అందాలి. పైపొర ఊడిన ఎముక అది ఇవ్వలేదు. అందుకే పక్కనున్న కండను, దాని రక్తనాళంతో సహా తిప్పి కప్పుతాం. దాన్నే ఫ్లాప్ అంటాం.

ఏ కండనైనా తిప్పవచ్చా? కుదరదు. ఒక చేనుకు ఒకే తూము నుంచి నీరొస్తుంది, మరో చేనుకు పది పిల్లకాలువల నుంచి. కండలూ అంతే. 1981లో మాథిస్, నహాయ్ అనే సర్జన్లు వాటిని ఐదు రకాలుగా విభజించారు. పిక్కలో పైనుండే గ్యాస్ట్రోక్నీమియస్ మొదటి రకం. దాని రెండు భాగాల్లో ఒక్కొక్కదానికీ మోకాలి వెనకనుంచి ఒక ప్రధాన నాళం వస్తుంది. దాన్ని కాపాడుకుంటే చాలు, ఆ భాగాన్ని ముందుకు తిప్పి ముంగాలి పై మూడోవంతు కప్పవచ్చు. మిగిలిన భాగం, దాని కిందనున్న సోలియస్ నడకను చూసుకుంటాయి. సోలియస్ రెండో రకం. పెద్ద నాళాలు నిలిస్తే, చిన్నవి కొన్ని తెగినా బతుకుతుంది. ముంగాలి నడిమి భాగానికి అదే దిక్కు. తొడమీది సార్టోరియస్ నాలుగో రకం. పొడవునా చిన్న నాళాలే. ఎక్కువ తెంచితే కండ చచ్చిపోతుంది.

చీలమండ పైన తిప్పడానికి చాలినంత కండ లేదు. వీపు కండనో తొడ కండనో పూర్తిగా విడదీసి తెచ్చి, మైక్రోస్కోపు కింద నాళానికి నాళం కలిపి కుడతాం.

ఇంత విద్య ఉన్నా, ఆలస్యమైతే ఎముకకు చీము పట్టి కాలు దక్కడం కష్టమవుతుంది. గాయంలో పసుపు, కాఫీపొడి వేయకండి. శుభ్రమైన గుడ్డతో అదిమి కట్టి, కాలు కదలకుండా ఆసరా పెట్టి, ఎముకల డాక్టరూ ప్లాస్టిక్ సర్జనూ ఇద్దరూ ఉన్న ఆసుపత్రికి ఆ రోజే చేర్చండి. కాలు తీసేయాలంటే, ప్రాణాపాయం లేనప్పుడు, "కండతో కప్పే వీలుందా?" అని ఒక్కమాట అడగండి.

రక్తప్రసరణ పాఠం చెప్పే రోజున పిల్లలకు ఈ రెండు మాటలూ చెప్పమని మన టీచర్లను కోరుతూ, సెలవు తీసుకుంటున్నాను.