దిగిపోయిన బ్యాటరీ



ఇవాళ్టి మాట కారు బ్యాటరీ గురించి. "అది మగవాళ్ల పని కదా, మాకెందుకు?" అంటారేమో. బండి మగవాళ్లదే కావచ్చు. ఛార్జింగుకు పెట్టిన బ్యాటరీ ఉండేది మాత్రం మీ ఇంట్లోనే. మీ పొయ్యికి దగ్గర, మీ పిల్లలకు దగ్గర. అందుకే మీరు తెలుసుకోవాలి.

ఒక ఇల్లు అనుకోండి. ఆ ఇంటాయన కిరాయి కారు నడుపుతాడు. సంక్రాంతికి కారు వారం రోజులు కదల్లేదు. పిల్లలు లోపల ఆడుకుని లైటు ఆర్పలేదు. పండగ అయ్యాక తాళం తిప్పితే చప్పుడే లేదు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. "కిరాయి వచ్చినప్పుడు చూద్దాంలే" అన్నాడు ఆయన. "ఇవాళే చూడాలి" అంది ఆమె. ఆమె మాటే సరైనది. ఎందుకో వినండి.

బ్యాటరీలో సీసం పలకలు ఉంటాయి. అవి యాసిడ్ కలిపిన నీళ్లలో మునిగి ఉంటాయి. కరెంటు వాడినకొద్దీ పలకల మీద తెల్లటి పొర కడుతుంది. వెంటనే ఛార్జింగు పెడితే ఆ పొర పోతుంది. రోజులు గడిస్తే గట్టిపడుతుంది. గిన్నెలో అన్నం మాడితే ఏం చేస్తారు? అప్పుడే నానబెడితే వదులుతుంది. ఎండిపోయాక ఎంత తోమినా వదలదు. ఇదీ అంతే.

నిండా ఉన్న బ్యాటరీకి మీటరు పెడితే సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది. 12 కంటే తగ్గితే దిగిపోయినట్టే. 10.5 కంటే కిందికి పోతే బాగా అడుగంటినట్టు.

మరి ఛార్జింగు ఎక్కడ పెట్టాలి? వంటింట్లో వద్దు. తలుపులు మూసిన గదిలో వద్దు. గాలి ఆడే వసారాలో పెట్టండి. ఛార్జింగు ఎక్కేటప్పుడు బ్యాటరీలోంచి హైడ్రోజన్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఒక్క నిప్పురవ్వ చాలు, ఢామ్మని పేలుతుంది. యాసిడ్ ముఖాన పడుతుంది. బీడీ, అగరొత్తి, దీపం, పొయ్యి ఏదీ దగ్గర ఉండకూడదు. ఇంట్లో పెద్దాయన బీడీ వెలిగించుకుని చూడటానికి వస్తే, మొహమాటపడకుండా "అవతలికి వెళ్లండి మామయ్యా" అనండి.

కారులోంచి తీసేటప్పుడు ముందు మైనస్సు తీగ ఊడదీయాలి, తర్వాత ప్లస్సు తీగ. చేతికి బంగారు గాజులు, ఉంగరాలు ఉంటే తీసేయండి. మట్టి గాజులకు భయం లేదు. మెడలో గొలుసును జాకెట్టు లోపలికి దోపుకోండి. ప్లస్సుకీ మైనస్సుకీ మధ్య లోహం తగిలితే ఎర్రగా కాలి చర్మం ఊడుతుంది.

కొన్ని బ్యాటరీలకు పైన ఆరు మూతలు ఉంటాయి. తీసి చూడండి. పలకలు బయటపడి ఉంటే అవి మునిగేవరకే బ్యాటరీ వాటర్ పోయాలి. బోరు నీళ్లు వద్దు, యాసిడ్ అసలే వద్దు. మూతలు లేని రకాన్ని తెరవకండి.

ఎర్ర క్లిప్పు ప్లస్సుకు, నల్ల క్లిప్పు మైనస్సుకు పెట్టండి. ఆ తర్వాతే స్విచ్చి వేయండి. తీసేటప్పుడు ముందు స్విచ్చి ఆపాలి.

బ్యాటరీ మీద 40 ఏహెచ్ అని ఉందనుకోండి. అందులో పదో వంతు 4 ఆంపియర్లు. అంతకంటే ఎక్కువ పెట్టకండి. బాగా అడుగంటినదానికి మొదట 2 చాలు. తొందర పడితే వేడెక్కి చెడిపోతుంది. 4 ఆంపియర్లతోనైనా 10, 12 గంటలు పడుతుంది. మధ్యమధ్య పక్కన చెయ్యి పెట్టి చూడండి. బాగా కాలుతున్నా, ఉబ్బినా, కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా గోడ దగ్గర స్విచ్చి ఆపేయండి.

కొన్ని కొత్త ఛార్జర్లు బాగా దిగిపోయిన బ్యాటరీని గుర్తుపట్టవు. ఛార్జింగు మొదలే కాదు. అప్పుడు బ్యాటరీ షాపుకు తీసుకెళ్లడమే మంచిది.

యాసిడ్ కంట్లో పడితే పరుగెత్తకండి, పసరు వేయకండి. అక్కడే కన్ను తెరిచి 20 నిమిషాలు మంచినీళ్లు పోస్తూ ఉండండి. తర్వాత ఆస్పత్రికి వెళ్లండి. నేల మీద ఒలికితే వంట సోడా చల్లి కడగండి. సోడా కంటికి మాత్రం కాదు.

ఛార్జింగు అయ్యాక ఒక రాత్రి అలాగే ఉంచి మీటరు పెట్టండి. 12.4 పైన నిలిస్తే ఇంకా పనికొస్తుంది. మళ్లీ 12 కిందికి జారితే దాని పని అయిపోయినట్టే. దాన్ని ఇంట్లో పగలగొట్టకండి. సీసం పిల్లల బుర్రకు చేటు. కొత్త బ్యాటరీ కొనేచోటే పాతది ఇచ్చి, దాని వెల తగ్గించమని అడగండి.